త్రాయీర్ క్రియకు ఆరు రూపాలు

“సన్నాలా, దొడ్డువా?”

“రెండూ కాదు. నూకలు.”

కోడ్ సరిపోయింది. సూర్యాపేట కొత్త బస్టాండు వెనక సందులో జిరాక్స్ షాపు నడిపే పెంటయ్య కౌంటరు పలక ఎత్తి, వచ్చిన మనిషిని లోపలికి వదిలాడు. షాపు పదేళ్లుగా నడుస్తోంది. అది నిజానికి కేంద్ర నిఘా విభాగంలోని ఒక పేరులేని శాఖకు పోస్టాఫీసు అని ఎదురుగా టీ అమ్మేవాడికి కూడా తెలియదు.

వచ్చినవాడు లచ్చిరాం. ఏజెంట్ నైన్టీన్. తిరుమలగిరి దగ్గరి తండాలో పుట్టాడు. ఒకసారి చూసి మళ్లీ చూస్తే గుర్తుపట్టలేని ముఖం. ఈ ఉద్యోగంలోకి వచ్చేటప్పుడు అతను వెంట తెచ్చుకున్న ఆస్తి అదొక్కటే.

“చాయ్ తాగుతవా, ముందు చావు కబురు ఇంటవా?” అన్నాడు పెంటయ్య.

“కబురు.”

పెంటయ్య ఫోను అందించాడు. హైదరాబాదు నుంచి చీఫ్ గొంతు. ఆయన ఎప్పుడూ నమస్కారంతో మొదలుపెట్టడు.

“మిర్యాలగూడ గూడ్స్ షెడ్డులో మన మనిషి హర్యా మొన్న పోయాడు. హమాలీగా ఉన్నాడు. గుండెపోటు అన్నారు.”

లచ్చిరాం ఫోను రెండో చెవికి మార్చుకున్నాడు. హర్యాను ఆ పనిలోకి తెచ్చింది తనే.

“ఇప్పుడు విను. సిరోకో అని ఒక విదేశీ ముఠా, మార్సేయి అనే ఫ్రెంచి రేవులో ఉంటుంది. పడమటి ఆఫ్రికాలో ఫ్రెంచి మాట్లాడే ఒక చిన్న దేశానికి మన ఉప్పుడు బియ్యం పోతున్నాయి. బడి పిల్లల భోజనానికి. ఆ ఆర్డరు సిరోకోకి కావాలి. అందుకని మన బియ్యంలో విషం కలిపింది. ఎక్కువ కాదు, కొద్ది బస్తాల్లోనే. సరుకు ఇవాళ సాయంత్రం నాలుగున్నరకు మిర్యాలగూడలో రైలెక్కి పోర్టుకు పోతుంది. నలభై రెండు వ్యాగన్లు.”

“రైలు ఆపేస్తే?”

“ఎందుకు ఆపారంటారు. విషం అన్న మాట బయటికి పొక్కితే చాలు, ఆర్డరు ఖతం. మిల్లులు మూతపడతాయి. సిరోకోకి అదీ లాభమే. ఆపకపోతే పిల్లలు చస్తారు. ఎక్కడుందో కనిపెట్టి చప్పుడు కాకుండా తీసెయ్యాలి. సాయంత్రం దాకా టైం ఉంది.”

ఫోను ఆగిపోయింది. పెంటయ్య ఒక కాగితం, ఒక పెన్ను బల్ల మీద పెట్టాడు.

“పెన్ను ల్యాబోళ్లు పంపిండ్రు. బియ్యంల పెడితె విషముంటే నీలమైతది. బస్తాకు నలభై నిమిషాలు పడ్తది. బండి మొత్తంల యాభై వేల బస్తాలు. నీ మనుమని పెండ్లి నాటికి అయిపోతది తియ్యి.”

“కాగితం?”

“ముఠా కోడ్. కోదాడల ఒక ప్రైవేటు జూనియర్ కాలేజ్ ఉన్నది. మార్కులు బాగొస్తయని సగం మంది పిల్లలు సెకండ్ లాంగ్వేజ్ ఫ్రెంచి తీస్కుంటరు. వాళ్ల వాట్సాప్ గ్రూపుల రోజూ పొద్దున ఒక హోంవర్కు వస్తది. ఒకటే క్రియ. రోజుకో రూపం. పిల్లలు నూట నలభై మంది, నడుమ దొంగ నంబర్లు రెండు. ఐదు రోజులల్ల ఐదు రూపాలొచ్చినయ్. ఆరోది వస్తే సరుకు కదులుతదని లెక్క.”

“పంపేది మదాం.”

“మన మదామే. సిరోకోకు నౌకరీ చేస్కుంట మనకు కబురిచ్చే మనిషి.” పెంటయ్య కళ్లద్దాలు తుడుచుకున్నాడు. “మంచిగుంటది మనిషి. నువ్వు జర పైలం.”

లచ్చిరాం కాగితం చూశాడు. జ త్రాయి. త్యు త్రాయి. ఇల్ త్రాయి. ను త్రాయిసోఁ. వు త్రాయిసే. కింద పెంటయ్య వంకర రాతలో అర్థం: ద్రోహం చేయుట.

*

కోదాడ చేరేసరికి తొమ్మిదిన్నర దాటింది. చొక్కా లోపలికి దోపి, మెడలో ఐడీ కార్డు వేసుకుని, చంకలో ఫైలు పెట్టుకున్నాడు లచ్చిరాం. ఇంటర్ బోర్డు నుంచి వచ్చిన అబ్జర్వర్ అన్నమాట. ఫైలు పట్టుకున్నవాడిని ఏ కాలేజీ గేటూ ఆపదు. చివరి బెంచీలో కూర్చున్నాడు.

నల్లబోర్డు దగ్గర సంతోషి. కోడ్ నేమ్ మదాం. ముదురు ఎరుపు చీర, మెడకు పల్చటి పట్టు స్కార్ఫ్, నుదుటి పైకి నెట్టిన నల్ల కళ్లద్దాలు. మిర్యాలగూడ హమాలీ కూతురు. స్కాలర్‌షిప్ మీద పాండిచ్చేరి, అక్కణ్నుంచి మార్సేయి. ఆరేళ్లు అక్కడ ఉండి తిరిగొచ్చింది. ఎందుకు తిరిగొచ్చిందో సిరోకోకీ శాఖకూ వేరువేరు కారణాలు చెప్పింది.

“త్రాయీర్,” అంది, సుద్దముక్కతో కింద గీత కొడుతూ. “మధ్యలో హెచ్ ఉంది, పలకదు. రెండు అచ్చులు ఒకదానిమీదొకటి పడకుండా ఊరికే మధ్యన కూర్చుంటుంది.”

మాట్లాడకుండా మధ్యన కూర్చోవడం. అది తన ఉద్యోగమే అనుకున్నాడు లచ్చిరాం.

“లాటిన్‌లో దీని తల్లి త్రాదెరె. చేతికందించడం అని అర్థం. అంతే. ఊరి తాళంచెవి శత్రువు చేతికందిస్తే ద్రోహం. తండ్రి కొడుకు చేతికి పని అందిస్తే సంప్రదాయం. ట్రెడిషన్ అన్న మాట కూడా ఈ తల్లి కడుపునే పుట్టింది. ఇద్దరూ అక్కాచెల్లెళ్లు, అందుకే ఒకరినొకరు చూసుకోరు.”

పిల్లలు నవ్వారు.

“ఇంకో వాడుక ఉంది. దాచుకున్నది మనకు తెలియకుండా బయటపడితే, అప్పుడూ ఇదే క్రియ వాడతారు. గొంతు పట్టిచ్చింది, ముఖం పట్టిచ్చింది అంటాం కదా, అలాగ. ఇక నేను, నువ్వు, వాడు. రాతలో తేడా ఉన్నా నోటితో అంటే ముగ్గురికీ ఒకటే చప్పుడు.”

సాయికిరణ్ అనే కుర్రాడు చెయ్యెత్తాడు. “మేడం, పరీక్షల అర్థం రాయాల్నా, రూపాలు రాస్తే సరిపోతదా?”

“రూపాలు చాలు నాన్నా. అర్థం ఎవరూ అడగరు.”

మధ్యాహ్నం గంట కొట్టాక స్టాఫ్ రూములో ఇద్దరే మిగిలారు.

“ఆరో రూపం పంపేశాను,” అంది సంతోషి గొంతు తగ్గించి. “ఇల్ త్రాయిస్. వాళ్లు ద్రోహం చేస్తారు. పంపకపోతే నన్ను అనుమానిస్తారు.”

“విషం ఏ వ్యాగన్ల ఉన్నది?”

“వ్యాగన్‌లో కాదు. అసలు రైల్లోనే లేదు. ఆ గూడ్సు రేక్ మీకు చూపించడానికే. లారీలో పోతోంది. ఇవాళ మధ్యాహ్నం రాష్ట్రం బార్డర్ దాటుతుంది, నంబరు రాసుకోండి.”

లచ్చిరాం రాసుకున్నాడు. బార్డర్ దగ్గరున్న టీముకు మెసేజ్ కొట్టాడు. రెండేళ్లలో ఆమె ఇచ్చిన ఏడు కబుర్లూ నిజమే అయ్యాయి.

“మీరు బార్డరుకు పోరా?” అంది.

“టీమున్నది. నేను మిర్యాలగూడ పోవాలె. హర్యా పెండ్లాన్ని చూడలే ఇంకా.”

ఆమె ఒక్క క్షణం చేతి గడియారం సవరించుకుంది. “నేనూ వస్తాను. రూపాలు అయిపోయాయి, ఇక వాళ్లకు నాతో పనిలేదు. ఇక్కడుంటే నన్ను బతకనివ్వరు.”

కారు హుజూర్‌నగర్ దాటాక అడిగాడు. “ఈ క్రియనే ఎందుకు ఎన్నుకున్నరు?”

“ముఠా వాళ్లకి నాటకాలు ఎక్కువ లచ్చిరాం గారూ. పని తెలిసినవాళ్లయితే ‘తినడం’ ఎన్నుకునేవాళ్లు.”

నవ్వింది. అతనూ నవ్వాడు. ఆ నవ్వు కోసం రెండేళ్లుగా అతను అవసరం లేని మీటింగులు కూడా పెట్టుకున్న మాట శాఖ ఫైళ్లలో లేదు.

*

హమాలీల వాడలో కారు పోయేంత దారి లేదు. సంతోషి కారులోనే ఉంటానంది. హర్యా భార్య తారా గడప లోపల కూర్చుని ఉంది. ఇద్దరూ తండా మాటల్లోంచి తెలుగులోకి, తెలుగులోంచి తండా మాటల్లోకి పోతూ మాట్లాడుకున్నారు.

“ఎట్ల జరిగింది చెల్లే?”

“పగటి పూటనే ఇంటికొచ్చిండు అన్నా. ఎన్నడు రాడు. నాలుక మండుతున్నదన్నడు. నీళ్లు తాగిండు, ఇంక నీళ్లన్నడు. జరసేపటికే పాణం పోయింది.”

“ఏం తిన్నడు?”

“ఏం తింటడు, సద్ది గిన్నె తెరవనే లేదు. బస్తాల బియ్యం చేదున్నయ్ అన్నడు, గంతే.”

“బస్తాల బియ్యం తిన్నడా?”

తారా అతణ్ని వింతగా చూసింది. “తినుడేంది అన్నా? బస్తా కాడికి పోయినోడు నాలుగు గింజలు నోట్లేస్కోకుంట ఉంటడా? మేస్త్రి ఏస్కుంటడు, సేటు ఏస్కుంటడు, డ్రైవరు ఏస్కుంటడు. పంటి కింద పెడితెనే గద తడి తెలిసేది. గీడ చిన్న పోరగాళ్లు గూడ గంతే.”

లచ్చిరాం లేచి నిలబడ్డాడు.

మార్సేయిలో కూర్చుని పథకం వేసినవాడు ఓడల లెక్క చూశాడు, సీళ్ల లెక్క చూశాడు, ల్యాబుల లెక్క చూశాడు. మిర్యాలగూడలో బియ్యాన్ని ముందు పళ్లు పరీక్ష చేస్తాయన్న సంగతి వాడికెవరు చెబుతారు? హర్యాను ఎవరూ చంపలేదు. బస్తా చంపింది. అంటే విషం గూడ్స్ షెడ్డులోకి వచ్చింది. లారీ మాట అబద్ధం.

అబద్ధం ఆమె చెప్పిందా, ఆమెకు చెప్పారా?

జేబులో ఫోను కదిలింది. బార్డర్ టీము. “లారీ దొరికింది. మూడు పెన్నులు పెట్టాం. క్లీన్.”

మూడుంపావు అయింది. అతను కారు దగ్గరికి నడిచాడు. ఆమెకే చెప్పి ఉంటారు, ఆమెకే చెప్పి ఉంటారు అని నలభై అడుగులూ అనుకున్నాడు.

*

గూడ్స్ షెడ్డులో రేక్ కొండచిలువలా పడుకుని ఉంది. లోడింగు అయిపోయింది. ముందు నుంచి ఒక్కో వ్యాగన్ తలుపూ మూసి సీలు వేసుకుంటూ వస్తున్నారు. హమాలీ మేస్త్రి కాటయ్య సిమెంటు దిమ్మె మీద కూర్చుని తలగుడ్డతో మెడ తుడుచుకుంటున్నాడు.

లచ్చిరాం అతణ్ని పక్కకు పిలిచి, హర్యా మొన్న దింపిన లాటు ఎక్కడికెక్కిందని అడిగాడు.

“ఆఖరి ఎనిమిది వ్యాగన్లు సార్. ఆ లాటు మా జట్టుదే. గాడికే ఎక్కింది మొత్తం.”

“ఒక్కో దాంట్ల శాంపిల్ తియ్యాలె. కాని నువ్వు గింజ నోట్లె పెట్టొద్దు.”

“నోరు ఊకుంటదా సార్? చెయ్యి దానంతటదే పోతది.”

“అయితే పాన్ దవడకు పెట్టుకో. నిండ.”

కాటయ్య రెండు పాన్లు కుక్కుకున్నాడు. ఇక మాట్లాడలేడు కూడా. అదీ మంచిదే.

సంతోషి కారు దిగి వచ్చింది. షెడ్డు నీడలోకి రాగానే కళ్లద్దాలు పైకి నెట్టుకుంది. “లారీ దొరికిందా?”

“ఇంకా రాలే,” అన్నాడు లచ్చిరాం. రెండేళ్లలో ఆమెతో ఆడిన మొదటి అబద్ధం. “రేక్ గూడ ఒకసారి చూసి సంతకం పెట్టమన్నడు చీఫ్. శాంపిలంతే.”

“మా నాయిన చచ్చేదాకా మోసింది ఇక్కడే. చూద్దాం పదండి.”

చివరి నుంచి ఎనిమిదో వ్యాగన్. తెరిచిన తలుపు దగ్గరి బస్తాలో కాటయ్య ఇనుప గొట్టం పొడిచి తిప్పాడు. గింజలు గొట్టం వెంట జారాయి. ముందు ఆమె అరచేతిలో పోశాడు, తర్వాత లచ్చిరాం చేతిలో. ఆమె మాట్లాడుతూనే నాలుగు గింజలు నోట్లో వేసుకుంది. చూసుకోలేదు కూడా. చిన్నప్పటి చెయ్యి. పంటి కింద టక్కుమంది.

“ఆరింది,” అంది.

అప్పుడు లచ్చిరాం వేసుకున్నాడు.

తర్వాతి వ్యాగన్. ఆమె నమిలింది, అతను నమిలాడు. తర్వాతిది. కాలేజీలో పిల్లల సంగతేదో చెబుతోంది. అతను వినడం లేదు. ఆమె దవడ వంకే చూస్తున్నాడు. తన ప్రాణం ఆమె పళ్ల మీద పెట్టి ఒక్కో వ్యాగనే దాటుతున్నాడు. ఆమెకు తెలియదని ఒక్కో టక్కు చెబుతుంటే గుండెలో బరువు గింజ గింజగా దిగుతోంది. నాలుగోది. ఐదోది.

ఆరో వ్యాగన్. గొట్టం పొడిచాడు కాటయ్య. గింజలు ఆమె అరచేతిలో పడ్డాయి. చెయ్యి మామూలుగా లేచింది. గడ్డం దగ్గర ఆగింది.

ఒక్క క్షణమే. తర్వాత వేళ్లు విడివడి, గింజలు ప్లాట్‌ఫారం మీదికి జారాయి.

“చాలు బాబూ. నోరంతా పిండి పిండి అయింది,” అంది.

లచ్చిరాం తన అరచేతిలోని గింజలను చూశాడు. లేత పసుపుగా, నిండుగా, మంచి బియ్యంలా ఉన్నాయి. చెయ్యి పెదాల దాకా తెచ్చాడు. ఆగాడు. ఆమెను చూశాడు.

ఆమె ఆ చేతినే చూసింది. తర్వాత దూరంగా సిగ్నల్ వైపు ముఖం తిప్పుకుంది.

 ఎక్కడో హమాలీలు నవ్వుకుంటున్నారు. లచ్చిరాం గుప్పిట మూసి చెయ్యి దించాడు.

“రెండేండ్లు, మేడం.”

ఆమెకు అర్థమైంది. కాలేజీ భాష ఎక్కడికో పోయి, పుట్టిన వాడ మాట వచ్చింది. “ఎప్పటి సంది అనుమానం?”

“ఇప్పటి సంది.”

“తెల్సి గూడ నోటిదాక తెచ్చుకున్నవా?”

“నువ్వు ఆపుతవేమోనని.”

ఆమె కళ్లు ఒక్కసారి మెరిశాయి. నీళ్లో, కోపమో. “ఎవలి కోసం ఆపాలె? మా నాయిన నడుం మీదికెళ్లి లచ్చల బస్తాలు పోయినయ్. నడుం ఇరిగిననాడు ఒక్క బస్తా ఆగిందా? ఒక్క సేటు ఆగిండా? దవాఖానకు ఆటోల ఏస్కపోయిందెవలో ఎరికేనా? నేను. ఏడో తరగతి. ఈ ఊరి మిల్లులన్ని మూతపడాలె. పడ్తయ్.”

“అన్నం తినే పిల్లలేం జేసిండ్రు?”

“నేనేం జేసిన్నో, వాళ్లూ గదే.”

ముందు ఇంజను కూత వేసింది. నాలుగూ ఇరవై ఎనిమిది. చివరి వ్యాగన్ల దాకా తలుపులు మూసేస్తూ వచ్చారు. గార్డు చేతిలో పచ్చజెండా లేచింది.

సంతోషి హ్యాండ్‌బ్యాగులో చెయ్యి పెట్టింది. బయటికొచ్చింది లిప్‌స్టిక్కంత పిస్తోలు. “కదలకు. బండి పోనియ్.”

ఆమె వెనక కాటయ్య ఉన్నాడు. ముప్పై ఏళ్లుగా బస్తా చెవి ఎక్కడ చిక్కుతుందో తెలిసిన చెయ్యి. బస్తాలు లాగే అతని కొక్కెం గాలిలో ఒక్కసారి తిరిగి, ఆమె గడియారం గొలుసులో పడి లాగింది. పిస్తోలు పేలి షెడ్డు రేకుకు చిల్లు పడింది. కాటయ్య పాన్ మొత్తం ఉమ్మేసి అన్నాడు: “ఏమనుకోకు బిడ్డా. మీ నాయినే నేర్పిండు నాకిది.”

చక్రాలు కదిలాయి.

లచ్చిరాం ప్లాట్‌ఫారం మీంచి పట్టాల మీదికి దూకాడు. రెండు వ్యాగన్ల మధ్య బ్రేకుల గాలి గొట్టం; గాలి పోతే బ్రేకులు పడతాయి. కదిలే బండి పక్కన వంగి పరుగెత్తుతూ మర పట్టుకున్నాడు. రాలేదు. రెండో చేతిలో బియ్యం అలాగే ఉంది. జేబులో కుక్కి, రెండు చేతులూ వేసి తిప్పాడు.

బుస్సుమని గాలి పోయింది. నలభై రెండు వ్యాగన్లూ ఒకదాన్నొకటి గుద్దుకుని, మూలిగి, నిలబడిపోయాయి. ఆరో వ్యాగన్ వెనక చక్రం అతని చెప్పుకు జానెడు దూరంలో ఆగింది.

తర్వాత జరిగింది అంతా కాగితం పని. రైల్వేవాళ్లకు ఒక మాట ఉంది: రిపేరు వచ్చిన వ్యాగన్‌ను సిక్ అంటారు. చివరి మూడు వ్యాగన్ల మీద సుద్దతో ‘సిక్’ అని రాసి విడదీశారు. బ్రేకులు బాగాలేవన్నారు. మిగతా ముప్పై తొమ్మిది గంట ఆలస్యంగా పోర్టుకు పోయాయి. విడదీసిన వాటిలో ఆమె నమలకుండా ఆగిన వ్యాగన్‌లో ల్యాబువాళ్లకు నాలుగు రోజులకు నాలుగు బస్తాలు దొరికాయి. పిస్తోలు చప్పుడు లారీ టైరు అయింది. సంతోషిని నంబరు లేని కారులో తీసుకుపోయారు. ఎక్కేముందు వెనక్కి చూసింది. షెడ్డు వైపే చూసింది.

*

“బ్రిలియంట్,” అన్నాడు చీఫ్ ఫోనులో. “పేపర్లో ఒక్క ముక్క రాలేదు. ఓడ ఎక్కింది. దొంగ నంబర్లు రెండూ దుబాయ్‌లో దొరికాయి.”

“హర్యా సంగతి సార్?”

“గుండెపోటే. విషమని రాస్తే బియ్యం సంగతి రాయాలి. నీకు చెప్పాలా?”

చెప్పనక్కరలేదు. లచ్చిరాం మళ్లీ ఆ ఇరుకు దారిలో నడిచి, గడప దగ్గర కూర్చున్నాడు. తారా నీళ్లిచ్చింది. ఎదురుగా కూర్చుంది.

“తెలిసిందా అన్నా, ఎట్ల పోయిండో?”

“గుండె,” అన్నాడు లచ్చిరాం.

తారా ఏడవలేదు, తిట్టలేదు.

“బస్తాలు మోసెటోనికి ముందు మెడ పోతది అన్నా,” అంది. “ఎనక నడుం పోతది. మోకాళ్లు పోతయ్. గుండె ఆఖర్న పోతది. ఆయనకు మెడ గూడ నొయ్యలే ఇంక.”

ఖాళీ చెంబు తీసుకుని లోపలికి పోయింది. మళ్లీ రాలేదు.

సాయంత్రం సూర్యాపేట జిరాక్స్ షాపులో రిపోర్టు రాశాడు. ఆపరేషన్ ఫలితం: విజయం. పట్టుబడిన విదేశీ ముఠా ఏజెంట్లు: ముగ్గురు. మన పక్షాన ప్రాణనష్టం అన్న గడి దగ్గర పెన్ను కాసేపు ఆగింది. తర్వాత ‘లేదు’ అని నింపాడు.

పెంటయ్య భుజం మీంచి తొంగి చూశాడు. “చేతిరాత మాత్రం మంచిగ కుదిరిందిరా,” అని మూడు కాపీలు తీశాడు.